మేకల దారి

సైన్యంలో సుబేదారుగా పనిచేసి వచ్చిన తవిటినాయుడుగారు సాయంత్రాలు తన వసారాలో కూర్చుని యుద్ధవ్యూహాలు చెప్పేవారు. వినేవాళ్లలో ఎక్కువమంది వ్యాపారస్తులే. అయినా ఎవరైనా వ్యాపారం సంగతి అడిగితే, అది తనకు తెలియదనేవారు.

ఒకరోజు నూకరత్నం అందరూ వెళ్లేదాకా ఉండిపోయింది. చేపల రేవు దగ్గర ఆమెకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. పక్కనే కోదండం ఫ్యాక్టరీ. ఆమె భర్త పోయిన కొత్తలో, ఆడమనిషి ఎన్నాళ్లు నెట్టుకొస్తుందో చూద్దామని కోదండం నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు. ఈ వసారాలో నేర్చుకున్న పద్ధతిలోనే పడవలవాళ్లను ఒక్కొక్కరినీ తనవైపు తిప్పుకుంది. అతని మెకానిక్కును కూడా తెచ్చుకుంది. ఇక అతనికి మిగిలింది లోపలి ఊళ్లలో రొయ్యల చెరువులవాళ్లే. వాళ్లు కూడా ఐసు కావాలని ఆమెకు కబురు పంపారు.

"ఆ ఒక్కవైపూ మూసెయ్యమంటారా, మాస్టారూ?" అని అడిగింది.

ఆయన అవుననలేదు, కాదనలేదు. తను చూసిన సంగతి ఒకటి చెప్పారు.

సరిహద్దులో ఒక కొండ మీద శత్రువుల స్థావరాన్ని ఆయన దళం చుట్టుముట్టింది. వెనకవైపు మేకలు తిరిగే సన్నని దారి ఒకటి మిగిలింది. కొండమీదున్న శత్రువులకు తిండి అయిపోయింది. ఇద్దరు ముగ్గురుగా ఆ దారినే దిగిపోతున్నారు. కాల్పులు పలచబడ్డాయి. దళాన్ని నడిపే కెప్టెన్ దీపాంకర్ చురుకైనవాడు, వయసులో ఉన్నవాడు. ఒక్కడూ తప్పించుకోకూడదని ఆ దారి కూడా మూయించాడు. ఆ తర్వాత పైనుంచి ఎవరూ దిగలేదు. తూటాలు అయిపోయినా రాళ్లతో కొట్టారు.

"కొండ మాకు దక్కింది. జెండా పాతడానికి కెప్టెన్ గారు లేరు."

నూకరత్నం, కోదండం దగ్గర తుపాకులు లేవు కదా అంది. లేవన్నారాయన.

ఇంటికి పోతూ ఆమె ఆలోచించింది. ఎటూ పోలేనివాడు పంతానికి ఐసు ఊరికే పంచుతాడు. అప్పుడు తనూ పంచాలి. ఇద్దరి దగ్గర పనిచేసేవాళ్లూ ఏమవుతారు? మర్నాడు చెరువులవాళ్లకు వీలుకాదని చెప్పించింది. చెప్పించాక కూడా ఆ నవ్వు చెవుల్లో వినబడుతూనే ఉంది.

వానలు వెనకబట్టాక కోదండం తనంతట తనే మిషన్లు విప్పించి చెరువుల వైపు తరలించుకున్నాడు. వెళ్లేముందు ఆమె దగ్గరికి వచ్చి, రేవులో తన షెడ్డు తీసుకోమని అడిగాడు. తలెత్తకుండానే టీ తాగాడు. మెకానిక్కు ఎలా ఉన్నాడని అడిగి లేచాడు.

ఆ సాయంత్రం ఆమె ఇదంతా చెప్పి, దీన్ని గెలుపనుకోవచ్చా అని అడిగింది.

"అది నాకు తెలీదమ్మా. రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడితే మీరిద్దరూ పలకరించుకోగలరు కదా," అన్నారు తవిటినాయుడుగారు.