మైథిలి తెచ్చిన గొంతు

మైథిలికి కొన్నాళ్ళుగా ఒకటే ధ్యాస. తను రాసిన కోడ్‌ని మాస్టారు ఎప్పుడు తీసుకుంటారా అని. అన్నం కలుపుకుంటూ కూడా ఎడంచేత్తో ఫోన్ తెరిచి చూసుకునేది. ‘సరే’ అన్న ముక్క కనపడేది కాదు.

దైవసహాయం మాస్టారిది బాపట్ల. చూపు లేనివాళ్ళకి కంప్యూటర్ తెర మీది తెలుగును చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఆయనే పెద్దదిక్కు. కోడ్ ఎవరైనా రాసి పంపొచ్చు. అందులో కలపాలా వద్దా అన్నది ఆయన మాట. మైథిలికి ఈ విద్య నేర్పిందీ ఆయనే. అదే అసలు బాధ. పరాయివాళ్ళు కాదంటే పోనీలే అనుకోవచ్చు.

ఆ పిల్ల ఏమన్నా తక్కువ పని చేసిందా! పాత గొంతు ఎలాంటి డొక్కు కంప్యూటర్‌లోనైనా పలికేదే గానీ, రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుండేది. దాన్ని మొత్తం పీకేసి, అచ్చం మనిషి మాట్లాడినట్టుండే గొంతు పెట్టింది.

మాస్టారు రాసింది ఒక్కటే: “కొత్తది పెట్టు. పాతది తియ్యకు.”

“ఆ చెత్తంతా ఇంకా ఎందుకు మాస్టారూ?” అని ఆమె. దాంతో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళంతా రెండు జట్లయి కీచులాడుకున్నారు.

చివరికి ఉండబట్టలేక బస్సెక్కి ఆయనింటికే వెళ్ళింది.

“నా మీద కోపమా మాస్టారూ?” కళ్ళనీళ్ళు తిరిగాయి. “బాగుందని మీ నోటితో ఒక్కసారి అంటే చాలు నాకు. నా ల్యాప్‌టాప్‌లో ఎంత చక్కగా పలుకుతోందో!”

“ముందు మజ్జిగ తాగు,” అన్నారాయన.

తర్వాత లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. బల్ల మీద ఏనాటిదో ఒక కంప్యూటర్. చూపు లేని పిల్లల హాస్టళ్ళలో ఉండేవి ఇలాంటివేనని మైథిలికి తెలియకపోలేదు. మాస్టారు అందులో ఆమె కోడే ఎక్కించారు. మానిటర్ కట్టేశారు. కుర్చీ ఆమె వైపు జరిపి, “చదివించమ్మా,” అన్నారు.

మైథిలి మీట నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. ఫైలు తెరుచుకుందో లేదో, తను అందులో ఎక్కడుందో కూడా తెలియలేదు. వంగి స్పీకరుకి చెవి ఆనించింది. ఏ గొంతయితేనేం, ఒక్క అక్షరం పలికితే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది.

మాస్టారు పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్నారు.

“ఎప్పుడు పలుకుతుంది మాస్టారూ?”

“నన్నడుగుతావేంటమ్మా? రాసింది నువ్వేగా.”