బియ్యం కాగు మీద కెమెరా

మఠం పంచలో పెట్టిన కెమెరా చచ్చిపోయి యాభై రోజులైంది. ఆ సంగతి రాజేశానికి తప్ప ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

మరో సంగతి మాత్రం అందరికీ తెలుసు. సోమవారం భజనకు ఓదెమ్మ రావడం లేదు. బీడీలు చుట్టి బతికే మనిషి. తత్వం పాట అందుకుందంటే తాళం కొట్టేవాడి చెయ్యి తనంతట తానే నెమ్మదించేది. ఉగాది వెళ్లిన కొద్దిరోజులకే మఠం వైపు రావడం మానేసింది.

"ఒకసారి అడగకపోయినవా?" అన్నాడు గురువు చెన్నదాసు.

"అడిగిన అయ్యా. పని ఎక్కువుందట."

"ఆమెకు పని తక్కువ ఎన్నడుండె?"

ఆ పొద్దున రాజేశం మనసంతా జేబులో ఉన్న కొత్త బ్యాటరీ మీద ఉంది.

ఆ మఠంలో ఒక పద్ధతి ఉంది. పంచలో పెద్ద మట్టి కాగు, దాన్నిండా బియ్యం, లోపల కొలవడానికి ఒక సోల, పైన చెక్కమూత. పంట చేతికొచ్చినవాళ్లు తెచ్చి పోస్తారు. పొయ్యి వెలగనివాళ్లు వచ్చి తీసుకుంటారు. తీసుకునేవాళ్లు ముందు మూత మీద రెండుసార్లు తట్టాలి. ఆ చప్పుడు వినగానే మఠంలో ఉన్నవాళ్లంతా గోడవైపు తిరగాలి. మూత మళ్లీ పడిన చప్పుడు వినబడేదాకా ఎవరూ తల తిప్పకూడదు. భజన నడుస్తున్నా అంతే, కొత్తగా వచ్చిన చుట్టమైనా అంతే. చెన్నదాసుకు గురువైన ముత్తయ్య పెట్టిన కట్టుబాటు అది. ఎవరు వచ్చారో, ఎంత తీసుకున్నారో ఇన్నేళ్లలో ఏ ఒక్కరికీ తెలియదు.

ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం, మఠంలో ఎవరూ లేని వేళ చూసి, ఎవడో సంచి తెచ్చుకుని కాగును అడుగంటా ఊడ్చుకుపోయాడు. సోలను కూడా వదల్లేదు.

రాజేశం ఊళ్లో కరెంటు పనులు చేసేవాడు. ఆరేళ్లుగా చెన్నదాసు శిష్యుడు. కాగు నింపడం, పంచ ఊడవడం అతని సేవ. ఖాళీ కాగు చూసేసరికి తన ఇల్లే దోచుకుపోయినట్టు ఉడికిపోయాడు.

"అయ్యా, ఒక కెమెరా పెడ్త. వైరు గియిరు ఏముండది. బ్యాటరీ మీద నడుస్తది, ఫోన్‌ల కనపడ్తది."

"మరి కట్టుబాటు?"

"కట్టుబాటు తప్పేది లేదయ్యా. మనం గోడకే తిరుగుదం. మనం చూడం, అది చూస్తది."

చెన్నదాసు నేత మనిషి. మగ్గం మానేసినా దారం కండెలు చుట్టడం మానలేదు. ఆయన చేతిలో దారం ఆగింది. చివరికి "నీ ఇష్టం" అన్నాడు.

కెమెరా పెట్టిన నాటి నుంచి కాగు తగ్గలేదు. మొదట్లో పిల్లి దూకినా, ఉడుత ఉరికినా ఫోన్ గంట కొట్టేది. విసుగొచ్చి ఆ గంట ఆపేశాడు రాజేశం. బియ్యం పోనప్పుడు బొమ్మలు చూసేదేముందని అవీ తెరవలేదు. మూత తీసి చూస్తే అంచుదాకా బియ్యం. అది చూసినప్పుడల్లా అతని ఛాతీ అంగుళం పెరిగేది. ఆషాఢంలో ఆ బియ్యానికి ముక్కపురుగు పట్టింది. చాటలో పోసి చెరిగి, ఎండబెట్టి, మళ్లీ కాగులోనే పోశాడు. అదీ సేవే అనుకున్నాడు.

చెన్నదాసు కండె చుడుతూ చుడుతూ ఒక్కోసారి చెవిని పంచవైపు పెట్టేవాడు. దేనికోసమో రాజేశం అడగలేదు.

ఇప్పుడు శ్రావణం. రాజేశం నిచ్చెన ఎక్కి కెమెరా దించుకొచ్చి, గురువు ఎదురుగా చాప మీద కూర్చుని, వెనక మూత మరలు విప్పాడు. లోపల బ్యాటరీ పొంగిన బూరెలా ఉబ్బి ఉంది.

"కడుపొచ్చిందేందిరా దానికి?" అన్నాడు చెన్నదాసు.

రాజేశం నవ్వాడు. "ఎండలకు రేకుల కింద ఉడికి ఉబ్బిందయ్యా. ఒత్తొద్దు, పొడవొద్దు, నిప్పుల వెయ్యొద్దు, చెత్తల పారెయ్యొద్దు, తెచ్చి నాకే ఇయ్యి అన్నడు టౌన్ల షాపాయన."

"చచ్చినదానికి ఇంత భయమా?"

"చచ్చినంకనే ఎక్కువ భయమయ్యా."

దాన్ని పువ్వులా రెండు వేళ్లతో పట్టుకుని బయటికి తీసి, ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టాడు. కొత్తదాని కొలత, పిన్ను పాతదానితో సరిచూసుకుని తెచ్చాడు. ముందురోజే నిండా చార్జింగ్ పెట్టాడు. పిన్ను బిగిస్తుంటే చెన్నదాసు అడిగాడు.

"ఇది పనిచేయక ఎన్నొద్దులాయె?"

"యాభై రోజులయ్యా."

"ఈ యాభై రోజులల్ల ఎంత బియ్యం పోయినయి?"

"గింజ పోలే!" గర్వంగానే చెప్పాడు రాజేశం.

"అట్లయితే కొత్త బ్యాటరీ దేనికి?"

రాజేశం పిన్ను బిగించాడు. "పాడైంది బాగుచేయాలె గదయ్యా" అన్నాడు.

"అవును. పాడైంది బాగుచేయాలె." చెన్నదాసు మళ్లీ కండె అందుకున్నాడు.

మూత బిగించి మీట నొక్కగానే కెమెరాలో ఎర్రటి చుక్క వెలిగింది. నిచ్చెనెక్కి దాన్ని మళ్లీ కాగు మీద వాసానికి తగిలించాడు. ఫోన్‌లో పంచ అంతా స్పష్టంగా కనిపించింది.

"చూస్తరా అయ్యా, ఎంత మంచిగ పడ్తుందో?"

"ముందు పోయి సోలెడు బియ్యం తే. జావ కాయాలె. మూత కొట్టి తియ్యి." అని చెన్నదాసు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నేనే గదయ్యా! నా కోసం మీరెందుకు తిరిగిండ్రు?"

"కాగు దగ్గరికి పోయేటోడు ఎవరైనా ఒకటే."

రాజేశం నవ్వుకుంటూ పంచలోకి వెళ్లాడు. మూత మీద రెండుసార్లు తట్టాడు. ఎత్తి పక్కన పెట్టాడు. సోల అందుకున్నాడు. అప్పుడు, ఎందుకో, తల పైకెత్తాడు.

కెమెరా తనది. ఫోన్ తనది. బియ్యం గురువు తెమ్మన్నవి. అయినా తల తనంతట తానే లేచింది. ఎర్రచుక్క కదలకుండా చూస్తోంది. సోల నిండా ముంచి, అది మరీ ఎక్కువగా కనబడుతుందేమోనని, పైన లేచిన కుప్పను అరచేత్తో కొట్టేశాడు.

లోపలి నుంచి గురువు గొంతు వినిపించింది. "మూత తీసిన చప్పుడైంది. సోల ముంచిన చప్పుడు జరంత ఆగి వచ్చింది. నడుమ ఏం చేసినవ్?"

"ఏం లేదయ్యా... పైకి చూసిన."

"ఎందుకు?"

ఎందుకో తెలుసుకుందామని రాజేశం సోల పట్టుకునే ఫోన్ తెరిచాడు. ఇప్పటి బొమ్మే పైన ఉంది. అందులో తన మొహం చూసుకుంటే తనకే నచ్చలేదు. దొంగ చూపు అది. ఆ బొమ్మ కింద పాతవి వరసగా ఉన్నాయి. పిల్లి. కోడి. ఉడుత. పంచ ఊడుస్తున్న తను. మళ్లీ పిల్లి. వేలితో తోస్తూ పోయాడు. ఎక్కడా ఇంకో మనిషి లేడు. సంచి పట్టుకొచ్చినవాడు మళ్లీ రానే లేదు.

చిట్టచివర, కెమెరా పెట్టిన వారంలో, ఆ సంగతి ఊళ్లో ఇంకా పాకకముందు, ఒక్క మనిషి ఉంది.

ఓదెమ్మ.

ఆమె మూత తట్టింది. తీసింది. సోలెడు బియ్యం కొంగులో పోసుకుంది. పోసుకుని, తల ఎత్తింది. అచ్చం తనలాగే ఎత్తింది. ఎర్రచుక్కను చూసి కొయ్యబారిపోయింది. తర్వాత కొంగులోని బియ్యాన్ని మెల్లగా కాగులోకి ఒంపేసింది. కొంగు మడతల్లో ఇరుక్కున్న గింజల్ని ఒక్కొక్కటే ఏరి లోపల వేసింది. వేసి, కెమెరాకు ఎదురుగా నిలబడి, కొంగును రెండు చేతులతో విప్పి చాచి, ఇటు ఒకసారి అటు ఒకసారి దులిపి చూపించింది.

ఏమీ లేదు, చూసుకోండి అన్నట్టు.

మూత పెట్టేటప్పుడు కింద వేళ్లు ఆనించి, చప్పుడు కాకుండా పెట్టింది. ఆ రోజు లోపల గోడకు తిరిగి కూర్చున్న వాళ్లలో రాజేశం కూడా ఉన్నాడు. మూత పడిన చప్పుడు ఎంతకీ రాకపోతే, ఇంతసేపు ఏం తీస్తున్నారో అని మనసులో విసుక్కోవడం ఇప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ పట్టుకుని గబగబా లోపలికి వచ్చాడు. "అయ్యా, ఇది చూడండి! ఓదె..."

"పేరు చెప్పకు."

చెన్నదాసు ఇంకా గోడవైపే ఉన్నాడు.

"ఒక్కసారి ఇటు చూడండయ్యా..."

"ఎట్ల తిరుగుత? నువ్వింకా మూత వెయ్యలే."

రాజేశం వెనక్కి వెళ్లాడు. సోలలోని బియ్యం కాగులో పోసి మూత వేశాడు. ఆ చప్పుడుకు చెన్నదాసు ఇటు తిరిగాడు. శిష్యుడి మొహం చూశాడు గానీ ఫోన్ వైపు కన్నెత్తలేదు.

"నేను పోతనయ్యా. ఇప్పుడే పోయి ఆమె కాళ్లు పట్టుకుంట."

"పట్టుకొని?"

"తప్పయిందని చెప్త."

"ఏం తప్పు?"

రాజేశం చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"నిన్ను చూసిన అని చెప్పాలె గద ముందు" అన్నాడు చెన్నదాసు.

రాజేశం గడపలోనే కూలబడ్డాడు. వెళ్లకపోతే ఈ తప్పు కడుపులోనే ఉంటుంది. వెళితే ఆమె చేత కొంగు రెండోసారి దులిపించినట్టవుతుంది. చెయ్యగల పని ఒక్కటీ కనిపించలేదు. తనలో తాను "ఎంత పని చేసిన!" అనుకున్నాడు. కళ్లనీళ్లు గడప మీద పడ్డాయి.

చెన్నదాసు లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"ఆ దినం నువ్వడిగినప్పుడు నేను వద్దనొచ్చుండె" అన్నాడు. "అనలే. ఎవరెవరు వస్తున్నరో తెలుసుకోవాలని నాకు సుత లోపల ఉండె. నలభై ఏండ్లు గోడకు తిరిగి కూసున్న. అయినా ఉండె."

ఆ పూట జావ కాయాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

రాజేశం కెమెరాలోని బొమ్మలన్నీ తుడిచేశాడు. కెమెరాను, కొత్త బ్యాటరీతో సహా, కోళ్లఫారం పెట్టుకున్న పక్కూరి ఆయనకు ఇచ్చేశాడు. ఉబ్బిన పాతదాన్ని షాపులో అప్పగించి వచ్చాడు. కెమెరా తీసేశామని ఊళ్లో చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలి? చెప్పించుకున్నవాళ్లే బియ్యానికి వచ్చేవాళ్లని ఊరు అనుకోదా? చెప్పలేదు.

ఒకరోజు బీడీల కార్ఖానా దారిలో ఓదెమ్మ ఎదురైంది. నెత్తి మీద బీడీకట్టల గంప.

"మంచిగున్నవా తమ్మీ? అయ్యకు పానం బాగేనా?" తనే ముందు పలకరించింది.

"బాగే అక్కా. సోమవారం రారాదు. నువ్వు లేక భజన బోసిగ ఉంది."

"వస్త తియ్. ఈ పని తెమలనియ్యి." అంటూనే ఒక చేత్తో గంప పట్టుకుని, రెండో చేత్తో కొంగు నడుముకు గట్టిగా చుట్టి దోపుకుంది. చిక్కిపోయింది. మెడ కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. రాజేశం చూపు దించుకుని ఆమె వెళ్లిపోయేదాకా నేలనే చూశాడు.

సోమవారాలు రెండు గడిచాయి. ఆమె రాలేదు. మూత చప్పుడూ వినిపించలేదు. రాజేశం రోజూ పొద్దున్నే కాగు మూత తీసి చూసేవాడు. అంచుదాకా ఉన్న బియ్యాన్ని చూస్తే ఇప్పుడు అతనికి తిండి సహించడం లేదు.

మూడో సోమవారం పొద్దున మూత తీసేసరికి బియ్యం తగ్గి ఉంది. ఎక్కువ కాదు, సోలెడు. మరీ అయితే సోలెడున్నర. రాత్రి తను మూత వేసినప్పుడు అంచుకు తాకుతూ ఉన్న బియ్యం ఇప్పుడు రెండు వేళ్లు కిందికి దిగింది. వంగి చూశాడు. మధ్యలో సోల ముంచిన గుంట కూడా కనిపించింది.

ఒక్క పరుగున లోపలికి వెళ్లాడు. చాలా రోజుల తర్వాత అతని మొహం వెలిగింది.

"అయ్యా! కాగు తగ్గింది! సోలెడు పోయినయి! ఆమే అయ్యుంటది అయ్యా, ఆమే వచ్చి ఉంటది!"

చెన్నదాసు కండె పక్కన పెట్టాడు. శిష్యుణ్ని కాసేపు అలాగే చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"కెమెరా మళ్ల పెట్టినవా రాజేశం?" అని అడిగాడు.