ఆరుబయట పెట్టిన ఊరు

"ఊరికి అందం ఎక్కడి నుంచి వస్తుంది గురువుగారూ?" అని పైడిరాజు అడిగాడు. అడిగాడే గానీ, జవాబు తన చేతుల కిందే ఉందని అతని నమ్మకం. ఉప్పెనకు కొట్టుకుపోయిన ఒడ్డుపేటను మళ్లీ కట్టడానికి అతను మట్టి నమూనా చేశాడు. సముద్రం వైపు, ఊరి నుదుట బొట్టులా పెద్ద మండపం. దాని వెనక వీధులు. సాయంత్రం పెద్దలు వచ్చి చూస్తారు. మెచ్చితే ఆ ఊరు అతని చేతి మీదుగా లేస్తుంది. ఆ మండపం అతని కలల్లోకి కూడా వస్తోంది.

లింగమూర్తి స్థపతి ప్రశ్న విననట్టే, "దాన్ని మేడ మీదికి పట్టు" అన్నారు.

పచ్చిమట్టి గాలికి బీటలు వారుతుందని శిష్యులంతా తలుపులు మూసిన గదిలోనే నమూనాలు చేసేవారు. పైడిరాజు ఆ మాటే చెప్పాడు.

"మరి ఊరు కూడా గదిలోనే కడతావేటి నాయనా?"

ఇద్దరూ చెరోపక్క పట్టుకుని పైకి మోశారు. సముద్రం మీంచి గాలి వస్తోంది. గాలి దారి చూడ్డానికి గురువు గుప్పెడు బూరుగు దూది తీసి మండపం ముందు వదిలారు. కొంత గోడకు అంటుకుంది, కొంత ఊరి మీంచి ఎగిరిపోయింది. వీధుల్లోకి ఒక్క పోగూ దిగలేదు.

"ఆ చివరి వరుస ఇళ్లు ఎవరివి?"

"మా అక్కావాళ్లవి. చంటిపిల్ల కూడా..." అని పైడిరాజు మండపం వంక చూశాడు.

తర్వాత తీగతో దాన్ని నడిమికి కోసి, రెండు ముక్కలనూ చెరో పక్కకు జరిపాడు. ఈసారి దూది తిన్నని వీధిలో దూసుకుపోయి అవతల పడింది.

"ఇది ఊరా, తూమా!" అని గురువు నవ్వారు.

పైడిరాజూ నవ్వేశాడు. బొటనవేలితో వీధులను మెల్లగా వంచాడు. మట్టి అక్కడక్కడా బీటలు వారుతున్నా అతను ఆగలేదు. దూది ఈసారి నింపాదిగా నడిచింది. గుమ్మం గుమ్మం దగ్గరా తచ్చాడి, చివరి వరుస దాకా వెళ్లింది.

అంతలో పెద్దలు మెట్లెక్కి వచ్చారు. వారిలో సన్నాసినాయుడు వంగి, చీలిన మండపం నడుమ అరచెయ్యి పెట్టాడు. గాలి అతని వేళ్ల సందుల్లోంచి ఊళ్లోకి దూరింది.

"ఇంత చోటు ఊరికే వదిలేశారేటండీ? ఇది ఎవరి వాటాకి?"

పైడిరాజు నోరు తెరిచేలోగా గురువు అన్నారు: "చివరి ఇంటివాళ్ల వాటాకి."