తాటాకులమ్మ తల్లి పెంకుటిల్లు వద్దన్న వైనం

మట్టిరేవు స్టేషనులో రైలు దిగి, పెంకుల ఫ్యాక్టరీల పొగగొట్టాలు చూసుకుంటూ కాలువ గట్టు వెంట నడిస్తే శ్రీ తాటాకులమ్మ తల్లి ఆలయం వస్తుంది. ఎన్నో ఊళ్ళ ఇళ్ళకు కప్పు వేసిన చోట అమ్మవారికి మాత్రం తాటాకు పాకే. మొదటిసారి వచ్చిన భక్తులు ముక్కున వేలేసుకుని, కమిటీవారు వట్టి పిసినారులని మమ్మల్ని ఆడిపోసుకోవడం కద్దు. మాకది అలవాటైపోయింది.

పూర్వం ఇక్కడ తుమ్మచెట్లు, జిగట మట్టి తప్ప మరేమీ లేవు. కాలువలో సరుకు పడవలు తిరగడం, రైలు రావడం, పట్నాలలో పెంకుటిళ్ళ మీద మోజు పుట్టడం ఇంచుమించు ఒకేసారి జరిగాయి. దాంతో ఎవరూ కన్నెత్తి చూడని మట్టికి గిరాకీ వచ్చింది. పేరూరి విశ్వనాథం గారనే వర్తకుడు బట్టీ పెట్టగా, మెట్ట ఊళ్ళ నుంచి నలభై కుటుంబాలు తరలివచ్చాయి. అక్కడ ఏడాదికి మూడు నెలలే పని. ఇక్కడ పన్నెండు నెలలూ పొయ్యి వెలిగింది, ఆడవాళ్ళ చేతికీ కూలి అందింది. మట్టి తొక్కే అచ్చియ్యమ్మ అలా చంటిపిల్లను చంకనేసుకుని వచ్చినదే.

ఒకనాడు మట్టి తవ్వుతుండగా ఆమె పారకు రాయి తగిలింది. కడిగి చూస్తే అమ్మవారి ముఖం. విశ్వనాథం గారు పొంగిపోయి, ఏరి ఏరి తెచ్చిన పెంకులతో గుడి కట్టించారు. ఆ వానాకాలంలోనే కష్టం మొదలైంది. బట్టీ తెరిచిన ప్రతిసారీ సగం పెంకులు పగిలి వచ్చేవి. మూడు బట్టీలు అలాగే పోయాయి. నాలుగోదీ పగిలితే ఫ్యాక్టరీ మూసేస్తానని ఆయన తేల్చి చెప్పారు. మళ్ళీ ఆ మెట్టకే పోవాలంటే అచ్చియ్యమ్మకు దిగులు పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించింది. "నా బిడ్డలు తాటాకు కింద తడుస్తుంటే నాకు పెంకుటిల్లెందుకే? ఆఖరి పాక మీద పెంకు పడ్డాక నా సంగతి చూద్దురుగాని" అన్నది.

అచ్చియ్యమ్మ లేచి తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళింది. కల చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ మనసు ఒప్పక, అంతవరకూ దాచిన మాట కూడా చెప్పింది.

"వానొత్తే పాకలు కారతాయండయ్యగారూ. పిల్లలు తడిసిపోతారని మట్టి సగంలో వదిలేసి పరిగెత్తుతున్నాం. తొక్కు సాలక పెంకు పగులుతోందండి. తప్పు మాదే. ముందు పరిగెత్తేది నేనేనండి."

పనిలోంచి తీసేస్తారనే ఆమె అనుకున్నది.  విశ్వనాథం గారు నిచ్చెన తెప్పించి, తానే గుడి కప్పు ఎక్కి మొదటి పెంకు ఊడదీశారు. ఆ పెంకులన్నీ కూలీల పాకల మీదికి వెళ్ళాయి, చాలని చోట బట్టీలో మిగిలినవి వేశారు. గుడికి తాటాకు కప్పారు. ఆ తరువాత వానలో ఎవరూ మట్టి వదిలి పరిగెత్తలేదు. నాలుగో బట్టీ పెంకులు వేలితో కొడితే ఖంగుమన్నాయి.

మట్టి బాగా తొక్కితే పెంకు నిలుస్తుంది, ఇందులో మహిమ ఏముందని చదువుకున్నవారు కొందరు అంటారు. ఆ బుద్ధి ఆ పూట పుట్టించిందెవరో వారే చెప్పాలి. మేము మాత్రం ఆ తల్లి పెట్టిన తిండి తింటున్నాము. బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. పొగ, గోతులు కూడా వచ్చాయి, కాదనము.

ఇప్పుడు మట్టిని యంత్రాలు పిసుకుతున్నాయి, ఫ్యాక్టరీలు పదకొండైనాయి. పనికి కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్ళు ముందు తాటాకు పాకే వేసుకుంటారు. ఆషాఢం తొలి శుక్రవారం భక్తులు కొబ్బరికాయతో పాటు ఒక పెంకు తెస్తారు. "తాటాకు కింద ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని పూజారి మూడుసార్లు అడుగుతారు. ఎవరైనా పలికితే ఆ పెంకులు వారి పాకకు, ఎవరూ పలకని ఏడాది అమ్మవారి గుడికి వేయాలని కట్టడి.

పోయిన ఏడాది రెండుసార్లు అడిగినా ఎవరూ పలకలేదు. మేళగాళ్ళు సన్నాయి ఎత్తారు. ముసలివాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోసారి అడగగానే, వారం కిందట ఒడిశా నుంచి పనికి వచ్చిన ఒక తల్లి, పక్కవాళ్ళు అర్థం చెప్పాక, భయం భయంగా చెయ్యి ఎత్తింది. జనం విసుక్కుంటారని ఆమె అనుకున్నది కాబోలు. గుడి కోసం సిద్ధంగా ఉంచిన పెంకులను జనమంతా నెత్తిన పెట్టుకుని, మేళంతో ఆమె పాక దాకా ఊరేగింపుగా మోశారు.