పాదుకలు పట్టిన స్టీరింగు

ఓబులేసుస్వామి ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి, రిటైరయ్యాక గురువైనవాడు. ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడు తన ప్రశ్న తానే మరిచిపోయేదాకా ఆగి, అప్పుడు ఒక్క మాట అనేవాడు. ఈ పద్ధతికి ఓర్చుకోలేక వేరే గురువును వెతుక్కున్న శిష్యులు కొందరున్నారు. నంద్యాల కాలేజీలో పాఠాలు చెప్పే మద్దిలేటి మాత్రం పదకొండేళ్లుగా ఆయన్నే అంటిపెట్టుకుని ఉన్నాడు.

మాఘమాసంలో ఒక ఉదయం ప్రయాణానికి ముందు మద్దిలేటి అడిగాడు: "స్వామీ, అంతా గురువు పాదాల కాడ పెట్టేసినోడు ఇంక సొంతంగా చేయాల్సింది ఏముంటాది?"

వినడానికి వేదాంతమే. కానీ ఆ వేదాంతం వెనక మద్దిలేటి భార్య చౌడేశ్వరి ఉంది. ఆమె రొమ్ములో గడ్డ ఉందనీ, ఆపరేషను ఆలస్యం చేయొద్దనీ డాక్టరు చెప్పి మూడు వారాలైంది. "నువ్వు సరేనంటే చేయించుకుంటా" అని ఆమె రోజూ అడుగుతోంది. "స్వామి చూసుకుంటాడులే" అని ఈయన రోజూ అంటున్నాడు. ఆ చూసుకోవాల్సిన స్వామికి మాత్రం సంగతి చెప్పనే లేదు. తనది భక్తి అనుకున్నాడు గానీ, అది శుద్ధ భయం. సరే అన్నాక ఏమన్నా అయితే, ఆ పాపం తన నెత్తిన పడుతుందని భయం.

స్వామి "పొద్దెక్కుతాంది, పద" అంటూ కారు వెనక సీట్లోకి ఎక్కి, తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. రిజర్వాయరు అవతలి ఊళ్లో ఒక శిష్యుడి ఇంట్లో పాదుకాపూజ. పూజలో పెట్టే స్వామివారి చెక్క పాదుకలు గుడ్డసంచిలో ముందు సీటు మీద ఉన్నాయి.

మద్దిలేటి కారు కొత్తది. రోడ్డు మీది తెల్లగీతలు చూసుకుంటూ స్టీరింగు తానే తిప్పుకుంటుంది, వేగమూ తానే చూసుకుంటుంది. అయితే డ్రైవరు చేతులు స్టీరింగు మీద ఉండి తీరాలి. తీస్తే కూతపెడుతుంది. చేతి బరువు తగిలిందా, ఊరుకుంటుంది. నీటి ఒడ్డు దగ్గరపడేసరికి మంచు దట్టమైంది. అక్కడ మద్దిలేటికి ఒక ఆలోచన వచ్చింది. పదకొండేళ్ల భక్తి ఉన్నవాడికి తప్ప ఇంకొకడికి రాదు అలాంటిది. పాదుకల సంచి తీసి స్టీరింగుకు ఒక పక్కగా తగిలించాడు. కారు నోరు మూసుకుంది. గురుపాదాలే నడిపిస్తుంటే నా చేతులెందుకని రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు.

స్టీరింగు కదిలినప్పుడల్లా సంచిలో పాదుకలు తగులుకుని టక్కు టక్కుమంటున్నాయి. ఎవరో ముందు నడుస్తున్నట్టే ఉంది. మద్దిలేటికి ఒళ్లు పులకరించింది. మూడు వారాల్లో మొదటిసారి గుండె తేలికపడింది. కాసేపటికి ఆ నడక ఎడమకు తిరిగింది. తిరగనిచ్చాడు. తర్వాత పల్లానికి దిగింది. దిగనిచ్చాడు.

ఉన్నట్టుండి చలి పెరిగితే కళ్లు తెరిచాడు. మంచులోంచి ఒక పాత మైలురాయి వచ్చి, దాటిపోయింది. దాని మీద చెక్కిన అక్షరాలు "గొల్లమడుగు, 1" అని ఉన్నాయి. గొల్లమడుగు డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన ఊరు. అక్కడ మనుషులు కాపురముండి నలభై ఏళ్లు దాటింది. కారు తొందరేమీ పడకుండా ఆ ఊరికి పోతోంది. ఎదురుగా పచ్చటి స్టీరింగు గుర్తు నిమ్మళంగా వెలుగుతోంది. చేతులున్నాయి, అంతా సవ్యంగా ఉంది అని దాని అర్థం.

టైర్ల చప్పుడు మారింది. నీళ్లు. పాదుకలు టక్కు టక్కుమంటూ ముందుకే పోతున్నాయి. మద్దిలేటి స్టీరింగు పట్టుకోబోయాడు. జోడించిన చేతులు విడిపోలేదు. అవి వేరెవరి చేతులో అయినట్టు, లాగినా రాలేదు. చివరికి కాలు మాట విన్నది. బ్రేకు మీద నిలువునా తొక్కాడు.

కారు ఆగేసరికి నీళ్లు తలుపు అంచుకు తగులుతున్నాయి. వాళ్లు పోవాల్సింది వంతెన మీదుగా, కానీ ఆ కొత్త రోడ్డుకు ఇంకా గీతలు వేయలేదు. పడవల రేవుకు దిగే పాత రోడ్డుకు నిరుడు నీళ్లు తగ్గినప్పుడే వేశారు. ఆ గీతలు నీళ్ల కింద కూడా కొంత దూరం తెల్లగా కనబడుతున్నాయి, ఇంకా రమ్మన్నట్టు.

కుదుపుకు స్వామి లేచాడు. నీళ్లను చూశాడు, వేలాడుతున్న సంచిని చూశాడు, శిష్యుడి చేతులు చూశాడు. అవి ఇంకా జోడించే ఉన్నాయి. మద్దిలేటికి ఏడుపు ఆగలేదు. చౌడేశ్వరి సంగతి, గడ్డ సంగతి, మూడు వారాల సంగతి అంతా కక్కేశాడు. "మీరు చూసుకుంటారనుకున్యా స్వామీ" అన్నాడు.

స్వామి ముందుకు వంగి, స్టీరింగు నుంచి సంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"బండేమో నీ చెయ్యి ఉండాదనుకునె. నువ్వేమో నేనుండాననుకుంటివి. నేనా, నిద్దరపోతాంటి నాయనా."