ఎగువ గట్టు ఆకలి

అనగనగా ఒక అడవి అంచున పెద్ద పచ్చిక బయలు. అక్కడ మేసే మందలో చుక్కడనే కుర్రగిత్త ఉండేవాడు.

"నన్ను చూస్తే పులి కూడా పక్కదారి పడుతుంది, తెలుసా!" అనేవాడు తలెగరేసి. అంతలోనే, "అంటే... పులీ నేనూ ఇంకా ఎదురుపడలేదనుకోండి," అని నాలిక్కరుచుకునేవాడు. మందంతా పగలబడి నవ్వేది.

తల్లి లేని చుక్కణ్ణి నాకి పెంచింది ముసలి కర్రావు. పాపం, దాని పళ్ళు అరిగిపోయాయి. మెత్తటి గడ్డి తప్ప నమలలేదు.

ఎండాకాలం వస్తే కాపరి గాదిలింగన్న మెత్తటి ఎండుగడ్డి మోపులు మోసుకొచ్చేవాడు. రోజుకో చోట వేసేవాడు. ఇవాళ వాగు పక్కన, రేపు రాళ్ళ మిట్ట మీద, ఎల్లుండి ఎగువ గట్టు మీద. మంద తిన్నచోటే పేడ పడేది. పేడపురుగులు దాన్ని నేలలోకి దించేవి. వానలు రాగానే అక్కడ లేత పచ్చిక లేచేది.

ఆ ఏడు చుక్కడు వాగు పక్కనే కూలబడ్డాడు.

"నేను ఎగువ గట్టుకు రాను. ఈ ఎండలో అంత దూరమా? మా పెద్దమ్మ కాళ్ళు నొప్పి పుట్టవూ? గడ్డి రోజూ ఇక్కడే వెయ్యి లింగన్నా!"

"నా కాళ్ళ ఊసు నీకెందుకురా?" అంది కర్రావు. కానీ మందకు నడక తప్పింది. గాదిలింగన్నకు మోత తప్పింది. అందరూ సరేనన్నారు.

పది రోజులకు పేడపురుగు వచ్చింది. "చుక్కా, నేల గట్టిపడుతోందిరా. చోటు మార్చండి."

"ఏం మామా, ఉండలు దొర్లించడానికి బద్ధకమా?" అన్నాడు చుక్కడు.

నెలకు మళ్ళీ వచ్చింది. "మీ గిట్టల కింద నేల బండయింది. ఎంత తవ్వినా గుంట పడదు. పేడంతా పైనే కుప్పపడింది. అక్కడ ఎగువ గట్టేమో ఆకలితో మాడుతోంది."

"ఆకలేస్తే గట్టునే ఇక్కడికి రమ్మను!"

మూడోసారి పేడపురుగు పెళ్ళాం పిల్లలతో వచ్చింది. తిట్టలేదు. "వెళ్ళొస్తాం అల్లుడూ," అంది, అంతే.

వానలు పడ్డాయి. ఎండుగడ్డి మోపులు అప్పటికే అయిపోయాయి. బండబారిన నేల నీళ్ళు తాగలేదు. పేడంతా వాగులో కొట్టుకుపోయింది. మిగిలింది బురదా, ఉమ్మెత్త మొక్కలూ. మంద పరుగున ఎగువ గట్టుకు పోతే అక్కడో పోచ, ఇక్కడో పోచ, అదీ పీచులాంటి గడ్డి. కర్రావు నమిలింది, ఉమ్మింది, మళ్ళీ నమిలింది. దాని డొక్కలు లోపలికి పోయాయి.

"మా అక్కవాళ్ళ ఊళ్ళో మెత్తటి గడ్డి ఉందమ్మా. ఇక్కడుంటే నువ్వు బతకవు," అంటూ గాదిలింగన్న దాని పలుపు పట్టుకున్నాడు.

చుక్కడు వెంట నడిచాడు. దారి మలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా... నేను ఎగువ గట్టుకు రానన్నది ఎండకూ కాదు, నీ కాళ్ళ కోసమూ కాదు. ఎగువ గట్టు పొదల్లోంచి కౌజుపిట్ట బుర్రుమని లేస్తుంది చూడు... నాకు అదంటే భయం."

కర్రావు వాడి నుదుటి మీది తెల్లచుక్కను ఒకసారి నాకింది.

"ముందే చెప్పి ఉంటే, పిట్ట లేచే వైపు నేను నడిచేదాన్ని కదరా," అంది.

నీతి: మనకు తిండి పెట్టే నేలకు అన్ని మూలలా తిండి అందేలా మసలుకోవాలి, మన పిరికితనం దాచుకోవడానికి దాని కడుపు మాడ్చకూడదు.