చావు చూడని గడ్డి

దగ్గరగా జరిగి కూర్చోండి తల్లీ, దేవుడి మీద భారం వేసి చెబుతున్నాను.

ఆ ఎండాకాలం దొరగారి రాతిమేడ పెనంలా కాలింది. కూతురి పెళ్లికి మేడ చల్లబడాలని, పేటలో గుడిసెల కప్పులు పీకి ఆ గడ్డిని మేడ మీద పరవమన్నాడు. కప్పు పోతే పసిపిల్లలు ఎండకు మాడిపోతారు.

కప్పులు నేసే పోలమ్మ చేతులు జోడించింది. "పీకించండి దొరా! కానీ చావు జరిగిన ఇంటి గడ్డి పెళ్లింటి మీదికి ఎక్కకూడదు గదా, మైల. మీరు గాదెలు మూయించిన కరువులో చావు తొక్కని గుడిసె నాదొక్కటే. అది తీసుకోండి."

దొర ఇంటింటికీ మనిషిని పంపి అడిగించాడు. ప్రతి గడపలోనూ ఏడుపే. పోలమ్మ కప్పు మాత్రమే మేడెక్కింది; ఒక మూలకైనా చాలలేదు. మిగతా గుడిసెల కప్పులు అలాగే నిలిచాయి.

ఆ ఎండంతా ఆమె నెత్తిన మోసింది. తన ఇంట్లోనూ చావు జరిగిందని అబద్ధమాడి తన కప్పు దాచుకోలేదు. ఆ ఒక్క పని గుర్తుంచుకోండి, మీరూ చేయండి.